పళ్ళెం మోగని మధ్యాహ్నం

సరిగ్గా పన్నెండున్నరకి డాబా మీద స్టీలు పళ్ళెం మోగింది.

ఠంగ్. ఠంగ్. ఠంగ్.

గరిటతో దాన్ని వాయిస్తున్నది బొంగరం. పదేళ్ళ పిల్ల. అసలు పేరు స్కూలు రిజిస్టరులో భద్రంగా ఉంది. కానీ ఒక్క చోట కుదురుగా ఉండదు కాబట్టి మేడలో అందరూ బొంగరం అనే పిలుస్తారు. వాళ్ళమ్మ కూడా.

"ఎండ బాగా కాస్తోందండోయ్," అని పిట్టగోడ మీంచి కిందికి కేకేసింది. "బట్టల మిషన్లు వేసుకోండి. ఇస్త్రీలు చేసుకోండి. మోటారు వేసుకోండి."

"మోటారు పదింటికే మీ నాన్న వేశాడు తల్లీ," అని కింద కొట్టులోంచి టైలరు బాబాయి గొంతు వచ్చింది. "ఇస్త్రీ పెట్టె నేనూ వేశాను. ఇంక ఆ పళ్ళేన్ని వదిలెయ్. దానికి సొట్ట పడితే నేను కుట్టలేను."

బొంగరం ఇంకో నాలుగు దెబ్బలు ఎక్కువే వేసింది.

ఆ మేడకి కింద అంతస్తు కాక పైన మూడు అంతస్తులు. మొత్తం ఆరిళ్ళు. రెండు నెలల కిందట అందరూ కలిసి డాబా మీద సోలార్ పలకలు పెట్టించుకున్నారు. బిగించింది బొంగరం వాళ్ళ నాన్నే. ఆయన కరెంటు పని చేస్తాడు.

పగలు ఎండ కాసినంతసేపూ ఆ పలకలు కరెంటు తయారు చేస్తాయి. ఇళ్ళల్లో వాడగా మిగిలింది మెట్ల కింద గదిలో ఉన్న బ్యాటరీలోకి పోతుంది. ఆ బ్యాటరీ బట్టల బీరువా అంత ఉంటుంది. దాని మొహాన అయిదు పచ్చ దీపాలు వరసగా ఉంటాయి. సాయంత్రం నాలుగింటికి అయిదూ వెలుగుతుంటాయి. అక్కణ్ణించి వాడుకుంటున్న కొద్దీ ఒక్కొక్కటే ఆరిపోతాయి. చివరిది కూడా ఆరిపోయిందా, ఇక బయటి తీగల్లో వచ్చే కరెంటే గతి. అది ఎక్కడో దూరాన బొగ్గు మండించి చేసేది.

"పెద్ద పనులన్నీ ఎండ ఉండగా కానిచ్చుకోండి," అని నాన్న మొదటి రోజే అందరికీ చెప్పాడు. "చీకటి పడ్డాక లైట్లూ ఫ్యాన్లే ఉంటే, ఈ బ్యాటరీ తెల్లారేదాకా వస్తుంది."

అందరూ తలలూపారు. తలూపడం తేలికే. మధ్యాహ్నం అయ్యేసరికి ఎవరి గొడవలో వాళ్ళు పడి మర్చిపోయేవాళ్ళు. అందుకే బొంగరం పళ్ళెం, గరిట అందుకుంది.

అందుకు ఇంకో కారణం కూడా ఉంది. స్కూలుకి పది రోజులు సెలవులిచ్చారు. సైన్సు టీచరు పిల్లల్ని ఊరికే పంపలేదు. "మీ ఇంట్లో ఏ వేళ ఎంత కరెంటు వాడుతున్నారో పట్టిక రాసుకురండి," అంది. మిగతా పిల్లలు తలా ఒక ఇల్లు రాసుకుంటామన్నారు. బొంగరం లేచి, "నేను ఆరిళ్ళూ రాస్తాను టీచర్," అంది.

టీచరు కళ్ళజోడు పైకి తోసి చూసింది. "అయితే వచ్చే శనివారం మీ మేడకి నేనే వచ్చి చూస్తాను."

అంతే. ఆ రోజు నుంచి బొంగరం కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

మీటర్లు మెట్ల పక్క గోడకి ఉన్నాయి. వాటి పక్కనే పెద్ద అట్ట మీద పట్టిక గీసి అంటించింది. ఇళ్ళ పేర్లు తనే పెట్టింది. కొట్టు, మేము, కవలలు, తాతయ్య, కుక్కపిల్ల, అంబులెన్స్. రోజూ నాలుగింటికి ఒకసారి, ఎనిమిదింటికి ఒకసారి మీటర్లు చూసి అంకెలు రాసుకుంటుంది. ఆ నాలుగు గంటల్లో తక్కువ వాడిన ఇంటికి నవ్వే సూర్యుడి స్టిక్కరు అంటిస్తుంది. ఎక్కువ వాడిన ఇంటికి పెన్సిలుతో ఏడ్చే సూర్యుణ్ణి గీస్తుంది. బుగ్గల మీద కన్నీళ్ళు కూడా వేస్తుంది, రెండేసి చుక్కలు.

ఆ మంగళవారానికి అయిదు వరసల్లో సూర్యుళ్ళు పళ్ళికిలించుకుని నవ్వుతున్నారు. ఆరో వరసలో ముగ్గురు ఏడుస్తున్నారు.

ఆరో వరస అంబులెన్స్ అత్తది.

అత్త మూడో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. రాత్రి పూట అంబులెన్స్ నడుపుతుంది. రాత్రి ఎనిమిదింటికి బండెక్కితే మళ్ళీ పొద్దున ఎనిమిదింటికే దిగడం. సాయంత్రం అయిదయ్యేసరికి ఆవిడ ఇంట్లో బట్టల మిషను గుడగుడమంటుంది. ఆరింటికి ఇస్త్రీ పెట్టె. ఆ రెండూ అయ్యేసరికి బ్యాటరీ మీద దీపాలు గబగబా ఆరిపోతాయి.

'పగలంతా ఇంట్లోనే ఉంటుంది గదా,' అనుకుంది బొంగరం. 'మధ్యాహ్నం వేసుకోవడానికి ఏం కష్టం?'

పళ్ళెం చంకలో పెట్టుకుని డాబా దిగుతుంటే, రెండో అంతస్తు మెట్ల దగ్గర లెక్కల తాతయ్య కనిపించాడు. ఆయన నలభై ఏళ్ళు స్కూల్లో లెక్కలు చెప్పాడు. ఇప్పుడు చెప్పడానికి పిల్లలు లేక పేపర్లో అంకెలు కనిపిస్తే కూడుతుంటాడు.

"కింద నీ పట్టిక చూశాను," అన్నాడు. "తీసివేతలు ఒక్కటీ తప్పులేదు."

బొంగరం మొహం వెలిగిపోయింది.

"అంకె రాయడానికి గడి ఉంది. టైము రాయడానికి గడి ఉంది. మరి ఎందుకు వాడారో రాయడానికి గడి లేదేం?"

"టీచరు చెప్పలేదు తాతయ్యా."

"అవునా," అన్నాడు తాతయ్య. "టీచర్లం ఒక్కోసారి మర్చిపోతుంటాంలే." కర్ర పట్టుకుని నెమ్మదిగా తన తలుపు వైపు నడిచాడు.

బొంగరం ఆయన మాట పట్టించుకునే స్థితిలో లేదు. మళ్ళీ మూడో అంతస్తుకి ఎక్కి అత్త తలుపు ముందు నిలబడింది. గరిట పైకెత్తింది.

ఠంగ్. ఠంగ్. ఠంగ్. ఠంగ్.

లోపల ఏదో కిందపడింది. పరుగెత్తుకొస్తున్న అడుగుల చప్పుడు. తలుపు తెరుచుకుంది. అత్త జుట్టు పిచ్చుక గూడులా ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒక చేత్తో గోడకున్న మేకు మీద తాళాల కోసం తడుముకుంటోంది.

"ఎవరికి బాగాలేదు? ఎక్కడ? కింద ఇంట్లోనా?"

"ఎవరికీ ఏం కాలేదత్తా. ఎండ వచ్చింది."

అత్త చెయ్యి మేకు మీదే ఆగిపోయింది. "ఏం వచ్చింది?"

"ఎండ. ఇప్పుడు మిషను వేసుకుంటే సాయంత్రం మీకు నవ్వే సూర్యుడొస్తాడు. ఇదుగో." బొంగరం స్టిక్కరు చూపించింది. "శనివారం మా టీచరు వస్తుంది. మీ వరస ఒక్కటే ఏడుపు మొహాలతో ఉంది."

అత్త ఆ స్టిక్కరు వంక చూసింది. బొంగరం మొహం వంక చూసింది. గట్టిగా ఊపిరి పీల్చి వదిలింది.

"సరే బొంగరం. వేస్తాను పద."

కాసేపటికే మూడో అంతస్తులో మిషను గుడగుడమంది. బొంగరం రెండేసి మెట్లు దూకుతూ కిందికొచ్చింది. ఆ సాయంత్రం ఎనిమిదింటికి బ్యాటరీ మీద మూడు దీపాలు ఇంకా వెలుగుతున్నాయి. అంతకుముందు ఎప్పుడూ ఆ వేళకి రెండుకి మించి చూడలేదు. ఆరో వరసలో మొదటి నవ్వే సూర్యుణ్ణి అంటించి, వేలితో నాలుగుసార్లు ఒత్తింది.

బుధవారం కూడా తలుపు దగ్గర పళ్ళెం మోగింది. ఈసారి అత్త ఏం అడగలేదు. తలూపి లోపలికి వెళ్ళి మిషను వేసింది.

* * *

బుధవారం సాయంత్రం ఏడు దాటింది. టైలరు బాబాయి దగ్గర అమ్మ కుట్టడానికిచ్చిన దిండు గలీబులు తీసుకుని బొంగరం పైకి వస్తోంది. మొదటి మలుపులో ఆగిపోయింది.

అంబులెన్స్ అత్త మెట్టు మీద కూర్చుని ఉంది. డ్యూటీ చొక్కా వేసుకుంది. ఒక కాలికి బూటు ఉంది. రెండో బూటు చేతిలో ఉంది. తల గోడకి ఆనించి ఉంది. పక్కన టిఫిను డబ్బా.

లేసులు కట్టుకుంటోందేమో అనుకుంది బొంగరం. కానీ చెయ్యి కదలడం లేదు.

"అత్తా."

పలకలేదు.

"అత్తా, డ్యూటీకి టైమవుతోంది."

అత్త ఉలిక్కిపడి లేవబోయి, మళ్ళీ కూర్చుంది. చేతిలో బూటు జారి రెండు మెట్లు దొర్లింది.

"టైమెంత?"

"ఏడుంపావు."

అత్త ఆ బూటు వంక చాలాసేపు చూసింది. తరవాత జేబులోంచి ఫోను తీసింది.

"సార్, నేను. ఇవాళ బండి తీసుకోను... లేదు సార్, జ్వరం లేదు. నిద్ర లేదు. రెండు రోజులుగా... ఇప్పుడే బూటు వేసుకుంటూ వేసుకుంటూ మెట్ల మీదే నిద్రపోయాను. స్టీరింగ్ ముందు కూర్చుని రెప్ప పడితే, వెనక పడుకున్నవాళ్ళ సంగతేంటి సార్... అవును. తప్పే. క్షమించండి."

ఫోను పెట్టేసింది. "సెలవులో ఉన్నాయన్ని పిలుస్తారట," అంది తనలో తను అనుకుంటున్నట్టు. "ఇవాళ ఆయన కొడుకు పుట్టినరోజు పాపం."

బొంగరం దొర్లిన బూటు తెచ్చి అత్త పక్కన పెట్టింది. 

"పళ్ళెం మోగించినందుకేనా అత్తా?"

అత్త టిఫిను డబ్బా ఒళ్ళోకి తీసుకుని బొంగరానికి పక్కన చోటిచ్చింది. ఇద్దరూ మెట్టు మీద ఇరుక్కుని కూర్చున్నారు.

"పళ్ళెం ఒక్కటే కాదులే. మిషను కూడా. అది నా మంచం తల దగ్గర గోడకి అవతలే ఉంటుంది. అది తిరిగినంతసేపూ మంచం కూడా గిరగిరా తిరుగుతున్నట్టే ఉంటుంది."

"మరి నాతో చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? నువ్వా నవ్వే సూర్యుణ్ణి పట్టుకుని అంత మురిసిపోతూ నిలబడితే నోరు రాలేదు." అత్త డబ్బా మూత మీద వేలితో గీతలు గీసింది. "పైగా ఆ ఏడుపు మొహాలు చూసి నాకూ సిగ్గేసింది. మేడంతా ఎండని వాడుకుంటుంటే, నేనొక్కదాన్నే బ్యాటరీ దీపాలు మింగేస్తున్నట్టు."

బొంగరం తల దించుకుంది. గలీబులు రెండు చేతులతో నలిపేస్తోంది.

"నాకూ ఎండ కరెంటంటే ఇష్టమే బొంగరం. ఏం చెయ్యను. అది డ్యూటీ ఎక్కే టైముకి నేను డ్యూటీ దిగుతాను. ఉన్నవి రెండే చొక్కాలు. రాత్రంతా వాటి మీద ఏమేం పడతాయో నీకు చెప్పకూడదు గానీ, ఉతక్కుండా మళ్ళీ వేసుకోలేను."

అత్త లేచింది. బొంగరం తల మీద చెయ్యి వేసి ఒకసారి నిమిరింది. ఒక కాలికి బూటుతోనే, గోడ పట్టుకుంటూ పైకి వెళ్ళిపోయింది.

ఎనిమిదింటికి బొంగరం మీటర్ల దగ్గరికి వెళ్ళింది. అంకెలు రాసింది. మెట్ల కింద గదిలోకి తొంగి చూసింది. మూడు దీపాలు చక్కగా వెలుగుతున్నాయి. ఆరో వరసలో అంటించాల్సిన స్టిక్కరు వేలికి అతుక్కుని ఉంది. చాలాసేపు అలాగే ఉంది.

చివరికి దాన్ని మళ్ళీ కాగితానికే అంటించింది. రబ్బరు తెచ్చి, ఏడ్చే సూర్యుళ్ళు ముగ్గుర్నీ తుడిచింది. మొహాలు పోయాయి. ఎంత రుద్దినా మచ్చలు మాత్రం మిగిలాయి.

* * *

"ఏమైంది, బొంగరం తిరగడం లేదు?" అన్నాడు నాన్న, భోజనాల దగ్గర.

బొంగరం జరిగిందంతా చెప్పింది. మధ్యలో రెండుసార్లు ముక్కు తుడుచుకుంది. అమ్మ ఏదో అనబోయింది గానీ, పిల్ల మొహం చూసి ఆగిపోయింది.

"మిషనుకి టైమరు పెడితే?" అంది బొంగరం. "అత్త నిద్రపోతుంటే అదే మొదలవుతుంది."

"పెట్టొచ్చు," అన్నాడు నాన్న. "కానీ టైమరు పెట్టినా అది గుడగుడమనకుండా ఉంటుందా?"

"వేరే గదిలో పెడితే?"

"నీళ్ళ పైపు ఉన్నది ఆ ఒక్క చోటే. చూశాను గదా నేను."

బొంగరం పళ్ళెంలో వేలితో గుండ్రాలు చుట్టింది. అమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది.

"నాన్నా, మన మిషను మధ్యాహ్నం ఎంతసేపు తిరుగుతుంది?"

"పదకొండున్నరకి ఖాళీ అయిపోతుంది. మీ అమ్మ చకచకా లాగించేస్తుంది గదా."

"అయితే అత్త చొక్కా మన మిషనులో తిరిగితే ఏం? డాబా మీద ఎండ ఆరిళ్ళకీ ఒకటే గదా. ఏ ఇంట్లో తిరిగిందో దానికి తెలియదు గదా."

నాన్న అమ్మ వంక చూశాడు. అమ్మ నాన్న వంక చూసింది.

"మాకు అభ్యంతరం లేదు," అంది అమ్మ. "కానీ బట్టలు వేరే ఇంటికి ఇవ్వడం అందరికీ నచ్చదు. అత్తని అడుగు. కాదంటే మారాం చెయ్యకు."

మర్నాడు బొంగరం పొద్దున్నే మూడో అంతస్తుకి వెళ్ళింది. చెయ్యి తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసింది. అత్త రాత్రి ఇంట్లోనే పడుకుంది కాబట్టి ఈపాటికి లేచే ఉంటుంది. అయినా ఏమో. తలుపు తట్టకుండా పై మెట్టు మీద కూర్చుంది. గంట సేపు. అంతసేపు ఒక్క చోట కూర్చోవడం ఆ పిల్ల జీవితంలో అదే మొదలు.

తట్టకుండానే తలుపు తెరుచుకుంది. అత్త చెత్తబుట్ట పట్టుకుని బయటికొచ్చింది. కళ్ళల్లో ఎరుపు పోయింది.

"నువ్వేంటి ఇక్కడ, కాపలా కాస్తున్నావా?"

బొంగరం లేచి నిలబడి, రాత్రి అనుకున్నదంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

అత్త బుట్ట కింద పెట్టింది. "నా బట్టలు నువ్వు ఉతకడమేంటి? బాగుండదు."

"నేను ఉతకను అత్తా. మిషను ఉతుకుతుంది. నేను బటన్ నొక్కుతాను అంతే."

"ఇస్త్రీ?"

"ఒంటిగంటకి టైలరు బాబాయి ఇస్త్రీ పెట్టె ఎలాగూ వేడిగానే ఉంటుంది. అడిగొచ్చాను. 'ఒక చొక్కాకే నా పెట్టె అరిగిపోదులే' అన్నాడు."

"అన్నీ ముందే మాట్లాడుకుని వచ్చావన్నమాట. మరి నేనేం చెయ్యాలి?"

"మీరు నిద్రపోవాలి."

అత్త నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. మొహం పక్కకి తిప్పుకుని బుట్ట సర్దుకుంటున్నట్టు వంగింది. కాసేపటికి నిలబడి వేలు చూపించింది.

"పొద్దున డ్యూటీ దిగగానే చొక్కా నీకిస్తాను. సబ్బు పొడి నాదే. మీ అమ్మది వాడకూడదు. జేబులు చూశాకే మిషనులో వెయ్యాలి. పెన్ను ఉండిపోతే చొక్కా మొత్తం నీలమే."

"అలాగే."

"ఇంకోటి. ఆ పళ్ళెం."

"వంటింట్లో పెట్టేశాను అత్తా. అమ్మ సొట్ట చూసేసింది కూడా."

* * *

శనివారం పన్నెండుంపావుకి సైన్సు టీచరు వచ్చింది. ఆవిడ గొంతుకి మైకు అక్కర్లేదు. క్లాసులో ఆవిడ మాట్లాడితే పక్క క్లాసు వాళ్ళు కూడా నోట్సు రాసుకుంటారు. పైగా ఆ రోజు మడమల చెప్పులు వేసుకుంది. టకటకా టకటకా.

"ఏదీ మన సూర్యుళ్ళ పట్టిక," అంది గేటు దగ్గరి నుంచే.

మెట్ల పక్క గోడ దగ్గర ఆగి, కళ్ళజోడు సర్దుకుని ఒక్కో వరసా చదివింది. చివర కొత్తగా ఒక గడి గీసి ఉంది. పైన 'ఎందుకు?' అని రాసి ఉంది.

"ఇది నేను చెప్పలేదే."

"లెక్కల తాతయ్య చెప్పాడు టీచర్. నేను ఆలస్యంగా విన్నాను. నిన్న ఆరిళ్ళకీ వెళ్ళి అడిగాను."

టీచరు చదవసాగింది.

తాతయ్య: సాయంత్రం మోకాళ్ళు నొప్పి, వేడినీళ్ళు కావాలి.

కవలలు: మంచం మీద పాలు ఎప్పుడూ సాయంత్రమే ఒలకబోస్తారు.

కుక్కపిల్ల: చీకటంటే భయం, దానికి కూడా ఒక లైటు.

కొట్టు: పెళ్ళి బట్టలు అర్జంటు అంటే బాబాయి ఏం చెయ్యలేడు.

మేము: అమ్మ పాత సినిమాలు చూస్తుంది.

"తాతయ్య నీళ్ళు ఇప్పుడు మధ్యాహ్నమే కాచి ఫ్లాస్కులో పోస్తున్నాం," అంది బొంగరం. "అమ్మ సినిమా గురించి నేనేం చెయ్యలేను టీచర్."

టీచరు నవ్వు ఆపుకుంటూ ఆరో వరస దగ్గర వేలు పెట్టింది. "ఇక్కడేవో తుడిచిన మచ్చలున్నాయి. అదీ కాక నిన్న ఈ ఇంటి మీటరు మధ్యాహ్నం, సాయంత్రం కూడా దాదాపు కదల్లేదు. మీ ఇంటి మీటరు మధ్యాహ్నం పూట పెరిగింది. తప్పు రాశావా?"

"తప్పు కాదు టీచర్. అది అత్త చొక్కా." బొంగరం తుడిచిన చోట వేలితో రుద్దింది. "తప్పు ఆ మచ్చల్లో ఉంది."

టీచరు వేలు చివరి గడికి జరిపింది. ఆరో వరసలో 'ఎందుకు?' కింద రాసింది చదివింది. అంబులెన్స్: మనం నిద్రపోతే అత్త మేలుకుంటుంది.

టైము పన్నెండున్నరకి దగ్గర పడింది. టైలరు బాబాయి కొట్టులోంచి బయటికొచ్చి ఒక పసుపుపచ్చ గుడ్డ బొంగరం చేతిలో పెట్టాడు. మిగిలిన ముక్కలన్నీ కలిపి కుట్టిన పొడవాటి జెండా. పైన మూలల్లో రెండు తాళ్ళు.

"దీనికైతే సొట్ట పడదు," అన్నాడు.

"నేనూ డాబా మీదికి వస్తాను పద. పలకలు చూడాలి," అంది టీచరు. ఒక మెట్టెక్కింది. టక్.

బొంగరం ఆవిడ చీర కొంగు పట్టుకుంది. వేలు పెదవుల మీద పెట్టుకుంది.

"టీచర్," అంది గుసగుసగా. "చెప్పులు."

టీచరు తన చెప్పుల వంక చూసుకుంది. పైకి చూసింది. వంగి, రెండు చెప్పులూ విప్పి చేత్తో పట్టుకుంది. ఇద్దరూ వట్టి కాళ్ళతో మెట్లెక్కారు. రెండో అంతస్తులో లెక్కల తాతయ్య తలుపు సందులోంచి చూసి, తన కర్రని కూడా నేలకి తగలకుండా పైకెత్తి పట్టుకున్నాడు. కర్రతో ఆయనకి అప్పుడు పనేం లేదు. అయినా ఎత్తాడు.

పళ్ళేనికి బదులుగా, అన్ని ఇళ్ళ కిటికీలకీ కనబడేట్టు, బొంగరం పిట్టగోడ మీంచి మేడ మధ్యలో ఉన్న ఖాళీ చోట్లోకి జెండా వేలాడదీసింది. ఎండలో ఆ పసుపు కళ్ళు చెదిరేలా ఉంది. కిందింట్లో ఎవరో కిటికీ తెరిచారు. ఇంకెక్కడో మిషను మూత పడింది. ఎవరూ ఎవర్నీ కేకెయ్యలేదు.

టీచరు పలకల చుట్టూ తిరిగింది, అప్పుడే పైకొచ్చిన నాన్నని రెండు ప్రశ్నలడిగింది, వెళ్ళేటప్పుడు కింద గేటు దాటాకే చెప్పులు వేసుకుంది.

రెండింటికి బొంగరం మూడో అంతస్తుకి మళ్ళీ వచ్చింది. చేతిలో హ్యాంగరు, హ్యాంగరుకి అత్త చొక్కా. డాబా మీద ఎండిన వాసన, దాని మీద ఇస్త్రీ వాసన. కాలరు దగ్గర ఇంకా వేడిగానే ఉంది.

హ్యాంగరు కొక్కెం తలుపు గొళ్ళేనికి తగలబోతుంటే, ఇనుముకి ఇనుము మోగకుండా మధ్యలో తన వేలు అడ్డం పెట్టింది. మెల్లగా తగిలించి వేలు తీసేసింది.

స్టిక్కర్ల కాగితంలోంచి నవ్వే సూర్యుణ్ణి ఒకణ్ణి ఒలిచింది. పట్టికలో కాదు, చొక్కా జేబు మీద అంటించింది. అత్త లేచి తలుపు తీస్తే మొదట కనబడేట్టు.

లోపల నుంచి సన్నగా గురక వినిపిస్తోంది. వస్తోంది, పోతోంది, వస్తోంది.

బొంగరం కదలకుండా నిలబడి వింది. తరవాత మునివేళ్ళ మీద, ఒక్కొక్క మెట్టే దిగింది.